నూటికి ఆరు

సోమవారం పొద్దున్నే సంచుల బాబాయ్ ల్యాబుకి వచ్చి, కాగితంలో చుట్టిన వడపోత సంచీని బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. బూట్లకి మట్టి ఉందని గుమ్మం దాటి రెండడుగులే లోపలికి వేశాడు.

"ఇదేనమ్మా ఆ సంచీ. కుట్టు దగ్గర విడిపోయింది. రెండువేళ్ళు దూరతాయి చూడండి. ఒకరోజు ఆలస్యంగా చూసుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి."

రాళ్ళావిడ సంచీ వైపు చూసింది గానీ ఆయన వైపు చూడలేదు. ఆమెకి ఆ పేరు పెట్టింది పంపుల దగ్గర పనిచేసేవాళ్ళు. మొగుడేమో ఓడలో ఉద్యోగం, ఏడాదికి ఎనిమిది నెలలు నీళ్ళ మీదే. ఈవిడేమో ల్యాబులో పద్నాలుగేళ్ళుగా రాళ్ళతో కాపురం. పేరు అతికినట్టు సరిపోయింది. ఆమె కూడా కాదనలేదు.

అక్కడ జరిగే పని చెప్పుకోవడానికి తేలికే. ఒక బావిలోంచి వేడి ఉప్పునీళ్ళు పైకి వస్తాయి. వాటి వేడిని తీసుకుని గొట్టాల్లో ఊరి ఇళ్ళకి పంచుతారు. చల్లారిన నీళ్ళని గుడ్డసంచుల్లో వడకట్టి, రెండో బావిలోంచి మళ్ళీ భూమిలోకే పంపేస్తారు. కింద రెండు కిలోమీటర్ల లోతున ఇసుకరాయి పొర ఉంది. రాయి అనే మాటే గానీ దాని ఒళ్ళంతా సందులే. నీళ్ళు ఆ సందుల్లోంచి నడిచినంతకాలం ఊరు వెచ్చగా ఉంటుంది. మూడు వారాల కిందట పంపు మరమ్మతుకని ఆపి, మళ్ళీ మొదలుపెట్టినప్పటి నుంచీ రెండో బావి నీళ్ళు తాగడం మానేసింది. పద్దెనిమిది దగ్గర ఉండాల్సిన ప్రెషరు ముల్లు నలభై దాటింది. గొట్టం పగులుతుందేమోనని పంపు తగ్గించారు. నడి చలికాలంలో సగం ఊరు చల్లబడింది.

ఇంత జరిగాక తప్పు చేసిన మనిషి దొరక్కపోతే ఆఫీసులకి నిద్ర పట్టదు. వెతికితే చిరిగిన సంచీ దొరికింది. సంచీ వెనక బాబాయ్ దొరికాడు.

"శుక్రవారం విచారణట," అన్నాడు బాబాయ్. "పనిలోంచి తీసేస్తారంటున్నారు. తీసేస్తే తీసేశారు, ఎలాగూ రిటైరవడానికి ఇంకో ఎనిమిది నెలలే. కానీ బావిని నిజంగా నేనే పూడ్చానా అమ్మా? మేనేజరు గారు అవునన్నారు. ఆయన కాగితాలు చూసి చెప్తారు. మీరు రాయిని చూసి చెప్తారు. మీరు కూడా అవునంటే ఇక నమ్మేస్తాను."

"పరీక్ష చేసి చెప్తాను బాబాయ్," అంది ఆమె.

"సంచీ కడిగి తెమ్మంటారా?"

"వద్దు. అలాగే ఉండనివ్వండి."

ఆయన తల ఊపి, తన బూట్లు వదిలిన మట్టిని చేత్తో ఎత్తుకుని మరీ వెళ్ళిపోయాడు. రాళ్ళావిడకి ప్రాణం చివుక్కుమంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేది ఎవరో ఆమెకి బాగా తెలుసు.

బావిని మళ్ళీ మొదలుపెట్టేముందు ట్యాంకులో ఉప్పునీళ్ళు కలిపి ముందుగా అవి వదలాలి. వదిలేముందు ఒక సీసాడు నీళ్ళు ల్యాబుకి వస్తాయి. ఉప్పు ఎంతుందో మీటరుతో చూసి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టాలి. ఆ సీసాని మూడు నెలలు దాచాలి. మూడు వారాల కిందట సీసా వచ్చేసరికి అయిదుకి పది నిమిషాలుంది. అప్పటికే ఆమె మీటరు కడిగి, తుడిచి, టోపీ పెట్టేసింది. మళ్ళీ టోపీ తియ్యడానికి బద్ధకించింది. అంతే. ఒంట్లో బాగాలేక కాదు, ఇంట్లో ఆపద వచ్చి కాదు. రిజిస్టరులో పై గడిలో, కిందటిసారి కొలత, లీటరుకి తొంభై గ్రాములని ఉంది. దాని కింద తొంభై అని రాసి సంతకం పెట్టింది. ఎప్పుడూ తొంభయ్యే కదా అనుకుంది.

ఇప్పుడు బీరువా తెరిచి ఆ సీసా తీసింది. మీటరు ముంచింది. అంకె గబగబా ఎక్కలేదు. రెండు దగ్గర ఆగిపోయింది.

మీటరు పాడైపోయి ఉంటే బాగుండునని ఉద్యోగంలో చేరాక ఆమె ఏనాడూ కోరుకోలేదు. ఆవేళ కోరుకుంది. కొలత తెలిసిన ఉప్పునీళ్ళలో ముంచి చూసింది. మీటరు బంగారంలా పనిచేస్తోంది. కడిగి మళ్ళీ సీసాలో పెట్టింది. రెండే. సీసాలో ఉన్నవి ఇంచుమించు కుళాయి నీళ్ళు.

ట్యాంకు దగ్గరకి వెళ్ళింది. కుళాయి నీళ్ళ గొట్టానికున్న వాల్వు కట్టేసే ఉంది, కానీ పూర్తిగా కూర్చోలేదు. లోపల సన్నని ధార పడుతూనే ఉంది. రాత్రింబవళ్ళు పడి పడి ట్యాంకు నిండి, ఉప్పంతా పై గొట్టంలోంచి కాలవలోకి పోయింది. నేల మీద తెల్లటి చార ఎండిపోయి ఉంది. వాల్వు అరిగిపోవడం ఎవరి తప్పూ కాదు. అలాంటివి జరుగుతాయనే ఆ సీసా, ఆ మీటరు, ఆ సంతకం పెట్టారు.

ట్యాంకు పక్క గోడకి ఒక కాగితం అంటించి ఉంది. 'ఉప్పు చూడకుండా నీళ్ళు వదలరాదు. మంచినీళ్ళు తగిలితే రాతిలోని బంకమట్టి ఊడి సందులు మూసుకుంటాయి. తర్వాత ఉప్పునీళ్ళు పంపినా తెరుచుకోవు.' కింద రాళ్ళావిడ సంతకం, ఆరేళ్ళ కిందటిది. అక్షరాలు కుదురుగా, గుండ్రంగా ఉన్నాయి. ఆమె ఆ కాగితం ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయింది.

*

ఇంట్లో అత్తగారు రెండు శాలువాలు కప్పుకుని, ఒళ్ళో వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చుంది. డెబ్భై అయిదేళ్ళ మనిషి. మోకాళ్ళు అరిగాయి గానీ నోరు అరగలేదు.

"ఎవడో ముసలాడట, సంచీ మార్చకుండా కునుకు తీశాడట. పక్కింటావిడ చెప్పింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. వాణ్ణి తీసుకొచ్చి ఈ గదిలో ఒక్క రాత్రి పడుకోబెట్టాలి."

"ఆయన అలాంటి మనిషి కాదత్తయ్యా."

"నీకేం తెలుసు? నువ్వు రాళ్ళ మనిషివి."

రాళ్ళావిడ ఆవిడ పాదాలకి మేజోళ్ళు తొడిగింది. పాదాలు మంచుముక్కల్లా ఉన్నాయి. అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతుంటే అత్తగారు హాయిగా కళ్ళు మూసుకుని, "నీ చేతులు చల్లగా ఉంటే ఉన్నాయి గానీ మనసు మంచిది," అంది. సిగ్గుతో రాళ్ళావిడ తల ఇంకాస్త కిందికి వంగింది. తిట్టినా బాగుండేది.

*

మంగళవారం పరీక్ష మొదలుపెట్టింది. బావి తవ్విన రోజుల్లో పైకి తీసిన రాతి కడ్డీలు చెక్కపెట్టెల్లో ఉన్నాయి. ఒకే కడ్డీలోంచి పక్కపక్కనే బొటనవేలంత ముక్కలు రెండు కోసింది. వాటిని గాలి తీసేసిన పాత్రలో పెట్టి, ఉప్పునీళ్ళు పట్టించి, ఒక రాత్రంతా నాననిచ్చింది. బుధవారం మొదటి ముక్కకి రబ్బరు తొడుగు వేసి ఉక్కు గొట్టంలో బిగించింది. ఒక వైపు నుంచి పంపు ఉప్పునీళ్ళని తోస్తుంది. రెండోవైపు బొట్లు బొట్లుగా బయటికి వస్తాయి. ఎంత ప్రెషరుకి ఎన్ని నీళ్ళు నడిచాయో చూస్తే రాయి ఎంత తెరుచుకుని ఉందో తెలిసిపోతుంది. నూరు పాళ్ళనుకుని అక్కడ గీత గీసింది.

బాబాయ్ సంచీ అడుగున పేరుకున్న నలుసుని తూచింది. చిరుగులోంచి ఆ ఒక్కరోజులో ఎంత జారి ఉంటుందో లెక్కగట్టి, ఈ ముక్క వాటాకి వచ్చినంత ఉప్పునీళ్ళలో కలిపి పంపింది. ఈ పనుల్లో ఆమెకి తిరుగులేదు. స్క్రూ ఎంత బిగించాలో వేళ్ళకే తెలుసు. ముల్లు కొద్దిగా పైకి జరిగి నిలబడిపోయింది. రెండుసార్లు లెక్క వేసినా నూరులో ఆరు పాళ్ళే పోయాయి. తొంభై నాలుగు మిగిలాయి.

ఆరు పాళ్ళకి బావి మొరాయించదు.

మధ్యాహ్నం రెండో ముక్క బిగించింది. ముందు ఉప్పునీళ్ళు, నూరు దగ్గర గీత. తర్వాత బీరువాలోని సీసా నీళ్ళు. పావుగంట ఏమీ కాలేదు. ఆమెకి పిచ్చి ఆశ పుట్టింది. అంతలో బయటికి వచ్చే బొట్టు మసకబారింది. మరో పది నిమిషాలకి కుడితినీళ్ళలా తెల్లగా వచ్చింది. ముల్లు ఎక్కడం మొదలుపెట్టింది. పద్దెనిమిది, ఇరవై ఆరు, నలభై, ఎనభై. బావి మీద ముల్లు ఎలా ఎక్కిందో అచ్చం అలాగే. నూరు కాస్తా ఇరవై రెండయింది. మళ్ళీ ఉప్పునీళ్ళు పంపి చూసింది. ఇరవై మూడయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మేనేజరు సంచుల గది మొత్తానికి కొత్త సంచులు తెప్పిస్తున్నాడు. అవి వెయ్యి తెచ్చినా ఈ బావి తెరుచుకోదు. బంకమట్టిని కరిగించే యాసిడ్ పెడితే కొంత తెరుచుకోవచ్చు. కానీ జబ్బేమిటో ఒప్పుకుంటేనే కదా మందు సంగతి.

నివేదిక రాయడానికి కూర్చుంది. సీసా, అయిదుకి పది నిమిషాలు, చూడకుండా రాసిన తొంభై, వాల్వు, రెండో ముక్క, యాసిడ్ మందు - అన్నీ రాసింది. మొదటి ముక్క దగ్గర ఆగింది. ఆరు పాళ్ళే అయినా, రాస్తే సంచీ తప్పు కొంత ఉన్నట్టే కదా. పాపం, ఇప్పటికే నలిగిపోయాడు. ఆ పేరా మొత్తం కొట్టేసింది. కొట్టేశాక మూడు రోజుల్లో మొదటిసారి గుండె కాస్త తేలికపడింది. ఆయనకి ఏదో ఒకటి ఇవ్వగలిగానన్న తృప్తి ఆమెకి బాగానే ఉంది.

*

గురువారం మేనేజరు నివేదిక చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు. తన కుర్చీ కిందకి నీళ్ళు రానంతవరకూ అందరికీ మంచివాడే.

"మేడం, ఇది నేను చూడలేదనుకుందాం."

"ఎందుకు సార్?"

"ఆయనకి ఎనిమిది నెలలుంది. మీకు పదిహేనేళ్ళుంది. ఆయనే ఒప్పుకుంటూ ఉత్తరం కూడా రాసిచ్చాడు. పైవాళ్ళకి సంచీ చిరిగిందంటే అర్థమవుతుంది. ఉప్పు తగ్గిందని చెప్తే ఎవరికి అర్థమవుతుంది? కూర రుచి అనుకుంటారు." తన జోకుకి తనే కొంచెం నవ్వాడు. "మీరు పోతే ఈ పరీక్షలు చేసే మనిషి మనకి ఎక్కడ దొరుకుతారు? యాసిడ్ సంగతి నేను మెల్లగా చూస్తాలెండి. ఏదో సాధారణ శుభ్రత అని రాసుకుందాం."

బావి బాగుపడుతుంది, తన ఉద్యోగం ఉంటుంది, ఒప్పుకున్నవాడు ఒప్పుకునే ఉన్నాడు. ఆ క్షణంలో రాళ్ళావిడకి నిజంగానే ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు ఆ తర్వాత ఎంత సిగ్గుపడిందో చెప్పలేం. కానీ అప్పుడు మాత్రం, "ఆలోచిస్తాను సార్," అని కాగితాలు సంచీలో పెట్టుకుని లేచింది.

సాయంత్రం అత్తగారికి వేడినీళ్ళ సంచీ మార్చుతూ ఉన్నట్టుండి చెప్పేసింది. మీటరు టోపీ దగ్గర నుంచి మేనేజరు మాట దాకా. అత్తగారు మధ్యలో అడ్డు రాలేదు. అదే ఆశ్చర్యం.

"అంటే నేను మూడు రోజులుగా తిడుతున్నది నిన్నన్నమాట," అంది చివరికి.

"అవునత్తయ్యా."

"మరి పాదాలు రుద్దుతూ విన్నావు కదే!"

రాళ్ళావిడ ఏడ్చింది. అత్తగారు ఓదార్చలేదు. శాలువా సర్దుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

"నాకు చెప్పి ఏం లాభం? నా దగ్గర ఏడిస్తే నీకు బరువు దిగుతుంది, అంతే. ఆ ముసలాయనకి దిగదుగా. చెప్పాల్సిన చోట చెప్పు. ఉద్యోగం పోతే పోనీ, మా వాడు ఓడలో సంపాదించి తిండి పెట్టే మనిషే. ఇంక దీపం వెయ్యి, చీకటి పడుతోంది."

*

శుక్రవారం విచారణ గదిలో పొడుగాటి బల్లకి ఒక చివర పై ఆఫీసు నుంచి వచ్చినావిడ, ఆవిడ పక్కన మేనేజరు. ఇవతలి చివర బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం గీసుకునేటప్పుడు తెగినట్టుంది, చెంప మీద చిన్న దూది అంటుకుని ఉంది. మేనేజరు ఆయన ఉత్తరం చదివాడు. 'నా అజాగ్రత్త వల్ల బావికి నష్టం జరిగింది. ఊరివాళ్ళు చలికి బాధపడ్డారు. నన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.' చదువుతున్నంతసేపూ బాబాయ్ తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఇంకెవరైనా చెప్పేది ఉందా?" అంది పై ఆఫీసు ఆవిడ.

మేనేజరు రాళ్ళావిడ వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు.

"ఉంది," అంది రాళ్ళావిడ. లేచి నిలబడింది. "బావి పూడుకుపోయింది ఆయన వల్ల కాదు. నా వల్ల."

నివేదిక ముందు పెట్టింది. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పై ఆఫీసు ఆవిడ రెండు ప్రశ్నలు వేసింది, రెండూ సరైనవే. ఉప్పు సంగతి ఆవిడకి బాగానే అర్థమైంది. మేనేజరు మంచినీళ్ళు తాగాడు.

"సరే. మీ సంగతి వేరే తేలుస్తాం. ఈయన మీద మాత్రం ఇక ఏమీ లేనట్టే," అంది పై ఆఫీసు ఆవిడ.

రాళ్ళావిడ అప్పుడు బాబాయ్ వైపు చూసింది. ఆయన ఏడుస్తాడనుకుంది. లేదా తిడతాడనుకుంది, తిడితే పడాలని సిద్ధపడే వచ్చింది. ఆయన మాత్రం, "ఆ కాగితాలు ఒకసారి ఇస్తారా?" అన్నాడు.

జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. వేలు కింద పెట్టుకుని, ఒక్కొక్క వరుసా చదివాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆఖరి పేజీ అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చి, ఏదో పోగొట్టుకున్నవాడిలా వెతికాడు.

"ఇందులో నా సంచీ ఏదమ్మా?"

"దానివల్ల పెద్దగా ఏమీ లేదు బాబాయ్."

"పరీక్ష చేస్తానన్నారు."

"చేశాను."

"చేసి, రాయలేదా?"

"మీకెందుకు ఇంకా బాధ అని..."

బాబాయ్ కళ్ళద్దాలు తీసి కాగితాల మీద పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు. మామూలుగా పంపుల దగ్గర పని గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఆవేళేమో చూడకుండా రాశారు. ఇవాళేమో చూసి రాయలేదు. రెండిటికీ తేడా ఏముందమ్మా?"

రాళ్ళావిడకి తల కొట్టేసినట్టయింది. ఇందాక మనుషులందరి ముందూ తన తప్పు చెప్పుకున్నప్పుడు పడిన సిగ్గు దీని ముందు ఏ మూలకీ రాలేదు. అది తప్పు చేసిన సిగ్గు. ఇది మంచి చేశాననుకున్న చోట పట్టుబడిన సిగ్గు.

"మీరు జాలిపడ్డారు, నాకు తెలుసు," అన్నాడు బాబాయ్. "కానీ నేను మూడు వారాలు నిద్రపోకుండా ఆలోచించింది తప్పించుకోవడానికి కాదు. నాది ఎంతో తెలియక. మొత్తం నాదే అనుకుని ఉత్తరం రాశాను. ఇప్పుడు మీరు అస్సలు కాదంటున్నారు. అది కూడా నిజం కాదుగా. సంచీ చిరిగింది. నేను చూసుకోలేదు. ఎంతొచ్చింది?"

"నూటికి ఆరు."

"ఆరు," అన్నాడు బాబాయ్. "సరిగ్గా చూశారా?"

"రెండుసార్లు చూశాను బాబాయ్."

"అయితే రాయండి."

ఆమె కూర్చుని, కొట్టేసిన పేరాని మళ్ళీ రాసింది. ఏ ముక్క, ఎంత నలుసు, ఎంతసేపు, ముల్లు ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందీ రాసింది. అక్షరాలు వంకర పోయాయి. బాబాయ్ కాగితం తీసుకుని అది కూడా వేలు పెట్టి చదివి, ఆరు అన్న అంకె పక్కన తన పేరు నిదానంగా రాశాడు. తర్వాత మేనేజరు ముందున్న తన ఉత్తరాన్ని అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. రాళ్ళావిడ పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఆరు నేను మోయగలనమ్మా," అన్నాడు. "మిగతాదే, మీకు బరువు."